రిపోర్టు బాగుంది, రాళ్ళ కింద ఏమీ లేదు

వాగు నీళ్ళు సీసాలో పట్టి ల్యాబుకి పంపితే కొన్నాళ్ళకి ఒక కాగితం వస్తుంది. పీహెచ్ 7.4, నైట్రేట్ తక్కువే, అమ్మోనియా నామమాత్రం, వాగు దగ్గరే మీటరు పెట్టి కొలిచిన ఆక్సిజన్ లీటరుకి 8 మిల్లీగ్రాములు. ప్రతి గడి పక్కనా 'పరిమితి లోపలే' అని ఉంటుంది. సరే కదా అని అదే వాగులోకి దిగి, మోకాలిలోతు నీళ్ళలో ఒక రాయి పైకి తీసి తిరగేస్తే జిగురు పాచి తప్ప ఏమీ కనపడదు. ఇంకో రాయి తీస్తే అంతే. పది రాళ్ళు తిరగేశాక రెండో మూడో సన్నటి ఎర్ర పురుగులు. ఇప్పుడు కాగితాన్ని నమ్మాలా, రాయిని నమ్మాలా?

చాలామంది ఇక్కడ ఏదో ఒక పక్షం పట్టేస్తారు. ల్యాబు తప్పు చేసిందని కొందరు, పురుగుల్ని చూసి ఏం తేలుస్తారు లెండి అని ఇంకొందరు. నాకైతే రెండూ నిజమే చెబుతున్నాయనిపిస్తుంది. కాకపోతే అవి ఒకే ప్రశ్నకి జవాబులు కావు. అవి రెండూ ఎక్కడ పొసగడం లేదో అక్కడే మనకి కావలసిన సమాచారం ఉంటుంది.

ముందు 'ఈ వాగు శుభ్రంగా ఉందా' అన్న ప్రశ్నని విడగొట్టాలి. అందులో కనీసం మూడు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి: ఈ నీళ్ళు మనిషికి పనికొస్తాయా, నీళ్ళలో బతికే జీవాలకి పనికొస్తాయా, అసలు ఇది ఇంకా వాగులాగే ఉందా లేక వాగు పేరుతో పారుతున్న కాలువా. ఒకదానికి వచ్చిన జవాబు ఇంకోదానికి అతకదు. అడవిలో పారే వాగులో ఆకులు కుళ్ళి నీళ్ళు టీ రంగులో ఉంటాయి, జంతువుల పేడ కలిసి ఈ-కోలై బ్యాక్టీరియా కూడా దొరుకుతుంది, తాగితే మనకి జబ్బు రావచ్చు. అయినా ఆ వాగు రాళ్ళ నిండా ప్రాణమే. దానికి పూర్తిగా తలకిందులు కుళాయి నీళ్ళు. మనం తాగుతాం, ఏమీ కాదు, అవే నీళ్ళు క్లోరిన్ పోనివ్వకుండా చేపల తొట్టిలో పోస్తే చేపలు చచ్చిపోతాయి. గనుల నుంచి ఊరే ఆమ్లపు నీళ్ళు కొన్నిచోట్ల అద్దంలా తేటగా ఉంటాయి, అడుగున ఒక్క నత్త కూడా ఉండదు. కాబట్టి తేటగా ఉండటాన్ని శుభ్రానికి గుర్తుగా తీసుకోవడం మొదటి పొరపాటు.

ఇక కాగితం సంగతి. అందులో అన్నిటికంటే ముఖ్యమైన అంకె కరిగిన ఆక్సిజన్. గాలి పీల్చే మనకి దీని కరువు ఊహకి అందదు. మామూలు వేడిలో లీటరు గాలిలో సుమారు 280 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, 20 డిగ్రీల వేడి ఉన్న లీటరు మంచినీళ్ళలో గాలితో సమానపడే మేరకి కరిగేది 9 మిల్లీగ్రాములే. అంటే చేప మనకంటే ముప్పై రెట్లు పలచటి దాంట్లోంచి ఊపిరి తీసుకోవాలి. పైగా నీళ్ళు వేడెక్కేకొద్దీ అదీ తగ్గుతుంది. సున్నా డిగ్రీల దగ్గర 14.6 ఉండేది 30 డిగ్రీలకి 7.6 అవుతుంది. అదే వేడికి చేప ఒంట్లో ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. సరుకు తగ్గుతూ గిరాకీ పెరగడం అన్నమాట. గట్టు మీద చెట్లు కొట్టేస్తే వాగు పాడవుతుందని చెప్పేది ఆకుపచ్చ ప్రేమతో కాదు. నీడ పోతే నీళ్ళు వేడెక్కుతాయి, వేడెక్కితే లెక్క ఇలా తిరగబడుతుంది. లీటరుకి 5 మిల్లీగ్రాములకి దిగితే చాలా చేపలు ఇబ్బంది పడతాయి, 2కి దిగితే తట్టుకునేవి బాగా తక్కువ.

ఈ అంకెతో నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. ఎండాకాలం మధ్యాహ్నం రెండింటికి ఒక వాగులో మీటరు పెడితే 25 డిగ్రీల నీళ్ళలో 11 చూపించింది. అబ్బ, ఎంత బాగుందో అనుకున్నాను. పక్కనే ఉన్న అనుభవజ్ఞుడు నవ్వి, 'తెల్లారుజామున ఇంకోసారి రండి' అన్నాడు. 25 డిగ్రీల దగ్గర నీళ్ళు గాలి నుంచి మామూలుగా పట్టగలిగింది 8.3 మాత్రమే. మిగతాది ఎక్కడి నుంచి వచ్చింది? పాచి నుంచి. ఎరువుల నీళ్ళో మురుగో కలిసి పాచి విపరీతంగా పెరిగిన వాగులో పగలంతా అది సూర్యకాంతితో ఆక్సిజన్ తయారుచేసి నీళ్ళలోకి వదులుతూ ఉంటుంది. రాత్రి తయారీ ఆగిపోతుంది కానీ పాచీ ఊపిరి తీసుకోవాలి, దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులూ తీసుకోవాలి, కాబట్టి తెల్లారేసరికి ఆ అంకె రెండుకో మూడుకో పడిపోవచ్చు. అంటే మధ్యాహ్నం మరీ ఎక్కువ కనపడటం కూడా జబ్బు లక్షణమే. చేపలు చచ్చేది తెల్లవారుజామున, కొలిచేవాళ్ళు వచ్చేది పొద్దెక్కాక. లోకంలో ఉన్న ఆక్సిజన్ లెక్కల్లో ఎన్ని ఇలా ఆఫీసు వేళల్లో తీసినవో తలుచుకుంటే నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంటుంది. రోజంతా నీళ్ళలోనే ఉండి పదిహేను నిమిషాలకోసారి రాసుకునే మీటర్లు ఇప్పుడు ఉన్నాయి. వీలుంటే ఒక్క రోజుకైనా అలాంటిది పెట్టాలి, లేకపోతే తెల్లారకముందు లేవాలి, మూడో దారి లేదు.

తర్వాత బీవోడీ, అంటే బయోకెమికల్ ఆక్సిజన్ డిమాండ్. పేరు భయపెడుతుంది గానీ విషయం తేలిక. నీళ్ళలో కుళ్ళే సరుకు ఎంత ఉందో నేరుగా కొలవడం కష్టం కాబట్టి, దాన్ని తినే సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ ఖర్చుపెడతాయో కొలుస్తారు. సీసాలో నీళ్ళు నింపి గాలి చొరకుండా మూతపెట్టి, 20 డిగ్రీల దగ్గర 5 రోజులు చీకట్లో ఉంచుతారు. చీకటి ఎందుకంటే వెలుతురు తగిలితే పాచి ఆక్సిజన్ చేసి లెక్క చెడగొడుతుంది. ముందు ఎంత ఉంది, తర్వాత ఎంత మిగిలింది, ఆ తేడానే బీవోడీ. బ్రిటన్‌లో 1898లో వేసిన మురుగునీటి రాయల్ కమిషన్ చేసిన పని నుంచి ఈ 5 రోజుల పద్ధతి స్థిరపడింది. వేడి ఎక్కువగా ఉండే భారతదేశంలో 27 డిగ్రీల దగ్గర 3 రోజులు వాడతారు. బాగున్న వాగులో ఇది లీటరుకి ఒకటి రెండు మిల్లీగ్రాములు ఉంటుంది, శుద్ధి చేయని మురుగులో వందల్లో ఉంటుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. మురుగు గొట్టం వాగులో కలిసే చోటే ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఉంటుందనుకుంటాం. ఉండదు. సూక్ష్మజీవులు ఆ సరుకుని తినడానికి టైం పడుతుంది, ఈలోగా నీళ్ళు కిందికి పారిపోతాయి. అందుకే ఆక్సిజన్ మెల్లగా దిగుతూ దిగుతూ ఎక్కడో దిగువన అట్టడుగుకి పోయి, మళ్ళీ గాలి కలుస్తూ పైకి లేస్తుంది. అమెరికాలో ఒహాయో నది మీద పనిచేసిన స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే ఇద్దరు 1925లో దీనికి లెక్క కట్టారు, ఇప్పటికీ అదే పునాది. గొట్టం మూతి దగ్గర ఆక్సిజన్ బాగానే ఉంది, మా తప్పేం లేదు అని ఎవరైనా చూపిస్తే, కొన్ని మైళ్ళ దిగువన కూడా కొలవమని అడగాలి.

కాగితంలో ఒక్కో గడి విడిగా బాగున్నా అన్నీ కలిసి చంపగలవు. అమ్మోనియానే తీసుకోండి. నీళ్ళలో అది రెండు రూపాల్లో ఉంటుంది, వాటిలో ఒకటి పెద్దగా హాని చేయదు, రెండోది చేప మొప్పల్లోంచి లోపలికి దూరిపోయే విషం. ఏది ఎంత అన్నది పీహెచ్ తేలుస్తుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే మొత్తం అమ్మోనియాలో విషరూపం నూటికి ఒకటి కూడా ఉండదు, పీహెచ్ 8 అయితే 5 శాతం, 9 అయితే మూడో వంతు పైనే. ఇందాకటి పాచి వాగునే మళ్ళీ చూడండి, పగటిపూట పాచి నీళ్ళలోని కార్బన్ డయాక్సైడ్ లాగేస్తుంటే పీహెచ్ పైకి పోతుంది, మధ్యాహ్నానికి 9 దాటొచ్చు. పొద్దున ఏమీ చేయని అదే అమ్మోనియా మధ్యాహ్నానికి విషమైంది. ఒక్క చుక్క కొత్తగా కలవలేదు.

పాచిని పెంచే ఎరువు ఫాస్ఫేట్‌తో ఇంకో రకం మోసం. పాచి దట్టంగా కప్పేసిన వాగులో నీళ్ళు తీసి పరీక్ష చేస్తే ఫాస్ఫేట్ దాదాపు సున్నా రావచ్చు. ఎందుకంటే ఉన్నదంతా పాచి ఒంట్లోకి చేరిపోయింది. కంచం ఖాళీగా ఉందంటే వడ్డించలేదనా, తినేశారనా? కాగితం ఒక్కటే చూస్తే తెలియదు, తినేవాడి ఒళ్ళు కూడా చూడాలి.

వీటన్నిటికంటే పెద్ద ఇబ్బంది కాలం. నెలకోసారి సీసా నింపితే ఏడాదికి పన్నెండు సీసాలు, అంటే ఏడాది పొడవునా పారిన నీళ్ళలో పన్నెండు క్షణాలు. పొలంలో పురుగుమందు కొట్టిన రాత్రే వాన పడితే ఆ మందు వాగులో రెండు మూడు గంటలు ఉండి వెళ్ళిపోతుంది. ఆ గంటల్లో సీసా పట్టినవాళ్ళు ఎవరూ ఉండరు. పైగా ల్యాబు వెతికినవాటినే చూపిస్తుంది. వెతకనిది గడిలోనే ఉండదు.

దీనికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ అమెరికాలో సియాటెల్ చుట్టుపక్కల వాగులది. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే కోహో సాల్మన్ చేపలు, పెద్ద వాన పడిన కొన్ని గంటల్లోనే గిలగిలా కొట్టుకుని గుడ్లు పెట్టకుండానే చచ్చిపోయేవి. ఏళ్ళ తరబడి వెతికారు. వేడి, ఆక్సిజన్, లోహాలు, పురుగుమందులు, తెలిసిన ప్రతిదీ చూశారు, ఏదీ సరిపోలేదు. చివరికి 2020 డిసెంబరులో వచ్చిన పరిశోధన దోషిని బయటపెట్టింది. కారు టైర్లు పగుళ్ళు రాకుండా రబ్బరులో కలిపే 6పీపీడీ అనే పదార్థం గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్‌గా మారుతోంది, రోడ్డు మీద అరిగిన టైరు పొడితో పాటు వాన నీళ్ళలో కొట్టుకొచ్చి వాగులో పడుతోంది. లీటరుకి ఒక మైక్రోగ్రాములోపే ఉన్నా కోహోని చంపేస్తుంది. విచిత్రం ఏమిటంటే అదే జాతికి దగ్గరి బంధువు అయిన చమ్ సాల్మన్‌కి దాని వల్ల ఏమీ కాదు. ఏ ల్యాబు కాగితంలోనూ ఈ పేరుతో గడి లేని రోజుల్లో ఆ వాగుల్లో ఏదో ఘోరం జరుగుతోందని చెప్పింది చేపలు మాత్రమే.

అందుకే రాళ్ళు తిరగేయాలి.

వాగు అడుగున ఉండే కంటికి కనపడే చిన్న ప్రాణులు చేపల్లా పారిపోలేవు. ఏం వచ్చినా అక్కడే భరించాలి, లేదా చావాలి. స్టోన్‌ఫ్లై అనే రెక్కల పురుగుల్లో కొన్నిటి పిల్లలు రెక్కలు రాకముందు నీళ్ళలో రెండు మూడేళ్ళు గడుపుతాయి. మేఫ్లై అనే ఇంకో రకం పురుగు పిల్లలు చల్లటి చోట్ల సాధారణంగా ఏడాది వరకు, వేడి చోట్ల కొన్ని వారాలో నెలలో ఉంటాయి. అలాంటిది రాయి కింద బాగా ఎదిగిన స్టోన్‌ఫ్లై పిల్ల కనపడిందంటే, గడిచిన ఏడాదిలో ఆ రాయి దగ్గర ఊపిరాడని రాత్రి ఒక్కటి కూడా రాలేదని చాలావరకు నమ్మొచ్చు. ఏ మీటరు చెప్పగలదు ఈ మాట?

పట్టడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. సన్నకన్ను వల, అర మిల్లీమీటరు కన్ను అయితే సరిగ్గా సరిపోతుంది, ఒక తెల్లటి పళ్ళెం, మెత్తటి చిమటా. రాళ్ళ మీద నీళ్ళు గలగలా విరిగి పారే చోటు చూసుకోవాలి, గాలి బాగా కలిసేది అక్కడే, సున్నితమైనవి ఉండేదీ అక్కడే. వలని దిగువకి అడ్డంగా నిలబెట్టి, ఎగువన కాలితో అడుగుని కలబెడితే కదిలినవన్నీ వలలో పడతాయి. దిగువ నుంచి ఎగువకి జరుగుతూ పోవాలి, లేకపోతే మనం తొక్కి చెదరగొట్టిన చోటే మళ్ళీ వెతుకుతాం. పళ్ళెంలో పోసి రెండు నిమిషాలు కదలకుండా చూస్తే, ముందు చెత్తలా కనపడిన దాంట్లోంచి ఒక్కొక్కటీ నడవడం మొదలుపెడుతుంది. ఇది మొదటిసారి చూసినవాళ్ళ మొహాలు చూడాలి.

మేఫ్లై పిల్లకి సాధారణంగా మూడు తోకలు, పొట్ట పక్కల ఆకుల్లాంటి మొప్పలు రెపరెపలాడుతుంటాయి. స్టోన్‌ఫ్లైకి రెండు తోకలు, మొప్పలు ఉంటే కాళ్ళ మొదట్లో, ఆక్సిజన్ తగ్గితే మన వ్యాయామంలో దండీలు తీసినట్టు పైకీ కిందికీ ఊగుతుంది. అలా ఊగి నీళ్ళని ఒంటి మీదుగా తోసుకుంటుంది పాపం. క్యాడిస్‌ఫ్లై పిల్లలు కొన్ని ఇసుక రేణువులో ఆకు ముక్కలో పట్టుదారంతో అతికించి గూడు కట్టుకుని దాన్ని మోసుకుంటూ తిరుగుతాయి, ఇంకొన్ని రాళ్ళ మధ్య చిన్న వల అల్లి కొట్టుకొచ్చింది తింటాయి. శుభ్రమైన వాగుకి గుర్తుగా ముందు వెతికేవి ఈ మూడే. తూనీగ పిల్లలు, పీతలు మధ్యరకం. ఇక ఎర్ర పురుగులు, అంటే ఒక రకం చిరుఈగల పిల్లలు, ఎర్రగా ఉండేది మన రక్తంలోలాగే హీమోగ్లోబిన్ ఉండబట్టి, ఆక్సిజన్ అడుగంటినా దాంతో నెట్టుకొస్తాయి. అందుకని ఒక ఎర్ర పురుగు కనపడగానే వాగు పాడైందని కంగారుపడకూడదు, అవి బాగున్న వాగులోనూ కొన్ని ఉంటాయి. అవి మాత్రమే మిగిలితేనే సమస్య.

దోమ పిల్లలు, నీటి మీద పరిగెత్తే పురుగులు ఈ లెక్కలోకి రావు, ఎందుకంటే అవి పీల్చేది పై గాలి. నత్తల్లో కూడా చాలావరకు, నోటికి గట్టి మూత ఉన్నవి మొప్పలతో బతికేవి, మూత లేనివి ఊపిరితిత్తితో పైకొచ్చి గాలి పీల్చేవి. మూత లేని నత్తలు గుంపులుగా ఉండి మూతవి ఒక్కటీ లేకపోతే, నాకు అప్పుడే అనుమానం మొదలవుతుంది.

వీటికి మార్కులు వేసే పద్ధతులు చాలా ఉన్నాయి. బ్రిటన్‌లో 1976లో ఏర్పాటైన ఒక బృందం తయారుచేసిన బీఎండబ్ల్యూపీ పద్ధతిలో ఒక్కో కుటుంబానికి 1 నుంచి 10 దాకా మార్కులు, సున్నితమైన వాటికి 10, మురికిలో బతికే వానపాము రకాలకి 1. అన్నీ కూడితే వాగు స్కోరు. దీంతో ఓ తంటా ఉంది, ఎక్కువసేపు వెతికితే ఎక్కువ కుటుంబాలు దొరుకుతాయి, స్కోరు పెరుగుతుంది. అందుకే కుటుంబాల సంఖ్యతో భాగించి సగటు కూడా తీస్తారు, అదే ఎక్కువ నమ్మదగింది. అమెరికాలో విస్కాన్సిన్‌కి చెందిన హిల్సెన్‌హాఫ్ పద్ధతిలో మార్కులు తలకిందులు, 0 అంటే సున్నితం, 10 అంటే మొండిది, స్కోరు తక్కువైతే వాగు బాగున్నట్టు. ఏ పద్ధతో చూడకుండా అంకె చూసి సంబరపడితే నవ్వులపాలవుతాం.

హిల్సెన్‌హాఫ్ పద్ధతిలోనే ఒక లెక్క చేద్దాం. వంద ప్రాణులు పట్టామనుకోండి, వల అల్లే క్యాడిస్‌ఫ్లైలు 60, వాటి మార్కు 4. మామూలు రకం చిరుఈగల పిల్లలు, అంటే ఎర్రగా లేనివి, 30, వాటి మార్కు 6. స్టోన్‌ఫ్లైలు 10, మార్కు 1. మొత్తం 240, 180, 10 కలిపి 430, వందతో భాగిస్తే 4.3. హిల్సెన్‌హాఫ్ కుటుంబాల పట్టికలో ఇది 'బాగుంది' గడిలో పడుతుంది. ఇక్కడితో ఆగిపోవచ్చు, చాలామంది ఆగిపోతారు కూడా. కానీ వందలో అరవై వల వేసి కొట్టుకొచ్చింది తినేవే ఎందుకున్నాయి? ఎగువ నుంచి సన్నటి తిండి పొడి తెగ వస్తోందన్నమాట, చెరువు అలుగు నుంచో మురుగు నుంచో. అందుకే నేను స్కోరు కంటే జాబితా ముందు చూస్తాను.

అసలు మజా జాబితాలో లేనివాటిలో ఉంది. ఈ మార్కులన్నీ ముఖ్యంగా కుళ్ళే మురుగుని, అంటే ఆక్సిజన్ కరువుని దృష్టిలో పెట్టుకుని వేసినవి. వాగుని చంపే దారులు ఇంకా చాలా ఉన్నాయి, ఒక్కో దారి ఒక్కో రకం జీవాల్ని తీసుకుపోతుంది. లోహాలు కలిస్తే, రాళ్ళకి అంటుకుపోయే చదునైన మేఫ్లైలు ముందు మాయమవుతాయి, వల అల్లే క్యాడిస్‌ఫ్లైలు కొంత తట్టుకుంటాయి. నీళ్ళు ఆమ్లమైతే గుల్లకి సున్నం కావాలి కాబట్టి నత్తలు పోతాయి, మేఫ్లైలు చాలావరకు పోతాయి, స్టోన్‌ఫ్లైలు కొన్ని నిక్షేపంగా ఉంటాయి. అంటే సున్నితమైనదని బీఎండబ్ల్యూపీలో పదికి పది వేసిన స్టోన్‌ఫ్లై ఇక్కడ మొండిది అయిపోయింది. పురుగుమందు వచ్చి వెళ్ళిన చోట కాళ్ళున్న పురుగులు పోయి, నత్తలూ వానపాము రకాలూ ఏమీ ఎరగనట్టు ఉంటాయి. మురుగైతే దీనికి వేరు, తట్టుకోలేనివి పోవడమే కాదు, తట్టుకునేవి వందల్లో వేలల్లో పెరుగుతాయి. అన్ని రకాలూ సమానంగా తగ్గిపోయి అసలు జనాభానే పలచబడితే అనుమానం విషం మీదికో, అడుగు పాడవడం మీదికో పోవాలి. మన మొదటి వాగులో పది రాళ్ళకి రెండు మూడు ఎర్ర పురుగులే కదా దొరికింది, మురుగు వాగు అయితే రాశులుగా ఉండేవి. ఆ ఒక్క గమనికతో కథ మురుగు నుంచి పక్కకి జరిగింది.

అడుగు పాడవడం అన్నాను. నీళ్ళు అమృతంలా ఉన్నా, ఎగువన మట్టి తవ్వకం వల్లో గట్లు కోసుకుపోవడం వల్లో సన్నటి ఒండ్రు వచ్చి రాళ్ళ మధ్య సందుల్లో నిండిపోతే, అక్కడ దాక్కునేవాటికి ఇల్లు పోయింది. రాయి తీసేటప్పుడే తెలుస్తుంది. సులువుగా ఊడొస్తే మంచిది, సిమెంటులో పాతినట్టు పీకాల్సి వస్తే సందులు మూసుకుపోయాయి. ల్యాబు సీసాలో ఈ సంగతికి చోటే లేదు. అందుకే నీళ్ళు, జీవాలతో పాటు వాగు ఆకారానికి కూడా మార్కులు వేసే పద్ధతులు వచ్చాయి, గట్టు ఎలా ఉంది, నీడ ఎంత, మడుగులూ పారే చోట్లూ రెండూ ఉన్నాయా, వంకరగా పారుతోందా లేక నిటారుగా తవ్వేశారా.

చేపల్ని చూసి చెప్పే పద్ధతి జేమ్స్ కార్ అనే అమెరికా జీవశాస్త్రవేత్త 1981లో ఇచ్చాడు, ఎన్ని జాతులు, ఏం తినేవి, పుండ్లు ఉన్నాయా లాంటి పన్నెండు సంగతులతో. మంచిదే, కాకపోతే చేపలు తిరుగుతాయి, మనుషులు తెచ్చి వదులుతారు కూడా. చేపలు నిండుగా ఉన్నాయంటే ఏ చేపలు అని అడగాల్సిందే, వదిలిన తిలాపియా ఒక్కటే నిండి ఉంటే అది ఆరోగ్యం కాదు. ఈ మధ్య నీళ్ళలోని డీఎన్‌ఏ ముక్కలతో ఏ జీవులున్నాయో చెబుతున్నారు, వలకి చిక్కనివి కూడా దొరుకుతాయి, కానీ ఆ ముక్కలు ఎగువ నుంచి కొట్టుకొచ్చినవి కావచ్చు, చచ్చినదానివీ కావచ్చు.

ఇవన్నీ కలిపి ఒకే అంకెగా చెప్పమంటారు పైవాళ్ళు. 1965లో అమెరికాలో హోర్టన్ అనే ఆయన మొదలుపెట్టిన నీటి నాణ్యత సూచీల గొడవ ఇదే, ఎనిమిదో తొమ్మిదో కొలతలు కలిపి వందకి ఇన్ని అని మార్కు. సగటులో ఒక చెడు అంకెని ఏడు మంచి అంకెలు మింగేస్తాయి. ఊపిరాడని చేపకి పీహెచ్ బ్రహ్మాండంగా ఉందని చెబితే ఏం లాభం? యూరప్ వాళ్ళు 2000లో తెచ్చిన నీటి చట్టంలో దీనికి వ్యతిరేక దారి పట్టారు, ఏ ఒక్కటి చెడ్డగా ఉన్నా మొత్తం వాగు స్థాయి అదే. అది మరీ కఠినం అనీ, కష్టపడి నాలుగు సంగతులు బాగుచేసినా ఐదోది మిగిలితే ఫలితం కనపడదనీ దాని మీద ఫిర్యాదు. నా ఓటు మాత్రం ఆ కఠినానికే.

ఇంకో జాగ్రత్త, దేంతో పోలుస్తున్నాం అన్నది. బురద అడుగుతో మెల్లగా పారే పల్లపు వాగులో స్టోన్‌ఫ్లై లేదని ఏడవకూడదు, అక్కడ అది ఎప్పుడూ ఉండదు. వేడి దేశాల్లో స్టోన్‌ఫ్లై రకాలే తక్కువ, చల్లటి దేశాల మార్కుల పట్టిక తెచ్చి అలాగే అతికిస్తే మంచి వాగు కూడా ఫెయిలవుతుంది. అందుకే అలాంటి వాగే, పాడవకుండా ఉన్నది, ఎక్కడైనా ఉంటే దాంట్లో ఏమున్నాయో చూసి దాంతో పోల్చాలి. బ్రిటన్‌లో రివ్‌పాక్స్ అనే పద్ధతి చేసేది ఇదే, ఇలాంటి చోట 20 కుటుంబాలు ఉండాలని అంచనా, దొరికింది 12 అయితే 0.6. అలాగే వారం కిందటే వరద వచ్చి ఉంటే రాళ్ళు ఖాళీగా ఉండటం సహజం, పురుగులకి రెక్కలొచ్చి ఎగిరిపోయిన వెంటనే వెళ్ళినా ఖాళీగానే కనపడుతుంది. వేసవిలో ఎండిపోయి మొన్ననే పారడం మొదలుపెట్టిన వాగైనా అంతే.

మరీ ముఖ్యంగా, రిపోర్టు బాగుండి రాళ్ళు ఖాళీగా ఉండటం ఒక్కోసారి మంచి వార్త కూడా కావచ్చు. మురుగు ఆపేస్తే నీళ్ళు వారాల్లో బాగుపడతాయి, జీవాలు తిరిగి రావడానికి ఏళ్ళు పట్టొచ్చు, ఎందుకంటే అవి ఎక్కడి నుంచో రావాలి. దగ్గర్లో ఇంకో మంచి వాగు లేకపోతే గుడ్లు పెట్టడానికి ఎగిరొచ్చే తల్లి లేదు.

మరి మన వాగు ఏ రకం? విషమా, ఒండ్రా, కోలుకుంటున్నదా? నేనైతే ఇంకో సీసా పట్టే ముందు ఎగువకి నడుస్తాను. వంద అడుగులకోసారి ఆగి, గలగలా పారే చోటు చూసుకుని, ఐదారు రాళ్ళు తిరగేసి, ఏమున్నాయో రాసుకుంటూ. ఎక్కడో ఒక చోట మూడు తోకల మేఫ్లై ఒకటి రాయి అంచు నుంచి అవతలి వైపుకి పాకుతుంది. అక్కడ ఆగి వెనక్కి తిరిగి, ఆ రాయికీ కిందనున్న మొదటి ఖాళీ రాయికీ మధ్య గట్టు మీద ఏముందో చూడాలి. పొదల్లో దాచిన గొట్టమా, రోడ్డు నీళ్ళు దించే తూమా, కొత్తగా చెట్లు కొట్టి చదును చేసిన నేలా. సీసా పట్టాల్సింది అప్పుడు, అది కూడా వాన మొదలైన మొదటి గంటలో.